ఏ ఎంజైమ్ ఏ గదిలో: కణం లోపలి చిరునామాలు

ఆవాలను నమలకుండా మింగితే ఘాటు తెలియదు. అవే ఆవాలను చన్నీళ్ళు చిలకరించి రోట్లో నూరి పది నిమిషాలు ఉంచితే ముక్కు మండిపోతుంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్ళలో పనసపొట్టుకో అరటికాయకో ఆవ పెట్టినా, పక్కింటి ఒడియా వాళ్ళు బేసర అనే ఆవముద్ద నూరినా జరిగేది ఒకటే రసాయన చర్య. ఆ ఘాటు గింజలో ముందుగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం కొన్ని కణాల్లో ఉంటుంది. దాన్ని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరే కణాల్లో ఉంటుంది. గింజ నలిగి, తడి తగిలి, రెండూ కలిస్తేనే అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ముక్కుకి ఎక్కేది అదే.

ఆవ పెట్టడంలో పెద్దవాళ్ళు పాటించే జాగ్రత్తలన్నీ ఇందులోంచి వచ్చినవే. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఆ ఘాటు రాదు, కాగిన నూనెలో ఎంజైమ్ పాడైపోతుంది కాబట్టి. మరిగే నీళ్ళు పోసి నూరినా అంతే. పులుపు ఎంజైమ్‌ని మందగింపజేస్తుంది, అందుకని ముద్దను కాసేపు వట్టి చన్నీళ్ళతోనే ఉంచి, చింతపండు రసం తర్వాత తగలనివ్వాలి. కూర పొయ్యి మీంచి దించాకే ఆవ కలపాలి, లేకపోతే పుట్టిన ఘాటు ఆవిరైపోతుంది.

ఏజెన్సీ సంతల్లో కనిపించే కర్రపెండలంలో ఇదే ఏర్పాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆ దుంపలో లినమారిన్ అనే పదార్థం కణం లోపలి రిక్తిక అనే సంచిలో దాగి ఉంటుంది, దాన్ని కోసే లినమారేజ్ ఎంజైమ్ కణ గోడలో ఉంటుంది. దుంపను కోసినా, తురిమినా, ఎలుక కొరికినా ఆ రెండూ కలుస్తాయి. ముందు ఎసిటోన్ సయనోహైడ్రిన్, దాని నుంచి హైడ్రోజన్ సయనైడ్ వస్తాయి. హైడ్రోజన్ సయనైడ్ 26 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కనుక గాలి తగిలితే ఎగిరిపోతుంది. చేదు రకాలను తురిమి, నానబెట్టి, పిండి, ఎండబెట్టే పద్ధతి ఎందుకు సరైనదో ఇక్కడ తెలుస్తుంది: ఎంజైమ్‌ని పూర్తిగా పని చేయనిచ్చి, పుట్టిన విషాన్ని బయటికి పంపేస్తున్నాం. పెద్ద పెద్ద ముక్కలను నేరుగా మరిగే నీళ్ళలో వేయడం తప్పు. వేడికి ఎంజైమ్ ముందే చచ్చిపోతుంది, లినమారిన్ మాత్రం చెక్కుచెదరకుండా మిగిలి, కడుపులోకి వెళ్ళాక పేగుల్లోని బ్యాక్టీరియా చేతిలో విడిపోతుంది. తీపి రకమైనా తొక్క తీసి, చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. చేదు రకానికి ఉడకబెట్టడం ఒక్కటే చాలదు. తినే కర్రపెండలం పిండిలో సయనైడ్ కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదన్నది అంతర్జాతీయ ఆహార ప్రమాణం.

ఆవగింజలో ఈ ఎడం కణానికీ కణానికీ మధ్య ఉంది. కర్రపెండలంలో కణం లోపలికీ దాని గోడకీ మధ్య ఉంది. మన కాలేయ కణంలోనైతే వేలాది రకాల ఎంజైములు ఒకే కణం లోపల, పొరలు చుట్టిన వేర్వేరు గదుల్లో సర్దుకుని ఉండాలి. కొవ్వు ఆమ్లాలను తయారు చేసే ఎంజైములు గదుల మధ్య నిండి ఉండే కణద్రవ్యంలో ఉంటాయి, వాటిని కాల్చే ఎంజైములు మైటోకాండ్రియా లోపల. రెండూ ఒకే చోట ఉంటే కట్టినదాన్ని కట్టినట్టే కూల్చుకుంటూ కణం శక్తిని తగలేసుకుంటుంది. లైసోజోమ్‌లో 50 నుంచి 60 రకాల జీర్ణ ఎంజైములుంటాయి: ప్రోటీన్లు, కొవ్వులు, చక్కెర గొలుసులు, డీఎన్ఏ, అన్నిటినీ కోసేవి. ఆ గది పీహెచ్ (ఈ అంకె తగ్గిన కొద్దీ ఆమ్లత ఎక్కువ) 4.5 నుంచి 5 దాకా ఉంటుంది, బయట కణద్రవ్యంలో 7.2. అంటే లోపల ఆమ్లత వందల రెట్లు ఎక్కువ. పొరలోని ప్రోటాన్ పంపు కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చు చేస్తూ ఈ తేడాని నిలబెడుతుంది. పొర ఎక్కడైనా కాస్త చిరిగి కొన్ని ఎంజైములు కారినా, బయటి పీహెచ్‌లో చాలావరకు అవి మందగించిపోతాయి. పొర మొదటి రక్షణైతే పీహెచ్ రెండోది.

గదులున్నాయని ఎలా తెలిసింది

లైసోజోమ్‌ను కంటితో చూడకముందే లెక్కల్లో పట్టుకున్నారు. 1949లో బెల్జియంలో క్రిస్టియన్ డి డ్యూవ్ బృందం ఎలుక కాలేయాన్ని మెత్తగా నూరి యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌ని కొలిస్తే, ఉండాల్సిన దానికంటే చాలా తక్కువ చర్య కనిపించింది. అదే నమూనాని అయిదు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి మళ్ళీ కొలిస్తే పెరిగింది. పాతబడిన కొద్దీ ఎంజైమ్ పెరగదు కదా! అది ఒక పొర వెనక ఉందని, పొర పాడయ్యాకే కొలతకు దొరికిందని వాళ్ళు తేల్చారు. 1955లో ఆ గదికి లైసోజోమ్ అని పేరు పెట్టారు. ఈ పరిశోధనకు 1974లో ఆల్బర్ట్ క్లాడ్, జార్జ్ పాలడేలతో పాటు డి డ్యూవ్‌కి నోబెల్ వచ్చింది.

ఆ పద్ధతి నేటికీ డిగ్రీ, పీజీ ల్యాబుల్లో నడుస్తోంది. ఒడిశా సరిహద్దుకి అటువైపు ప్లస్ టూ, ఇటువైపు ఇంటర్ చదివి లైఫ్ సైన్సెస్‌లో చేరే పిల్లలకు ఇది ముందే తెలిస్తే చాలా నమూనాలు పాడవకుండా ఉంటాయి. కాలేయాన్ని 0.25 మోలార్ చల్లటి సుక్రోజ్ ద్రావణంలో, టెఫ్లాన్ రోకలి ఉన్న హోమోజినైజర్‌తో నూరాలి. 600 నుంచి 1,000 జీ (జీ అంటే భూమ్యాకర్షణ బలం, దానికి అన్ని రెట్లు) బలంతో 10 నిమిషాలు తిప్పితే కేంద్రకాలు, పగలని కణాలు అడుగుకు చేరతాయి. పైతేటని 10,000 జీలో 15-20 నిమిషాలు తిప్పితే మైటోకాండ్రియా, లైసోజోములు, పెరాక్సిసోములనే మరో రకం చిన్న గదులు దిగుతాయి. ఆ పైన మిగిలినదాన్ని 1,00,000 జీలో గంటసేపు తిప్పితే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల వల ముక్కలు దిగుతాయి, పైన మిగిలేది కణద్రవ్యం. ఏ భాగం ఏదో గుర్తుపట్టడానికి ఒక్కో గదికి ఒక్కో గుర్తు ఎంజైమ్ ఉంది: మైటోకాండ్రియాకి సక్సినేట్ డీహైడ్రోజినేజ్, లైసోజోమ్‌కి యాసిడ్ ఫాస్ఫటేజ్, పెరాక్సిసోమ్‌కి కాటలేజ్, రెటిక్యులానికి గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్, కణద్రవ్యానికి లాక్టేట్ డీహైడ్రోజినేజ్.

చెడేది ఎక్కువగా మొదటి మెట్టులోనే. సుక్రోజ్ బదులు వట్టి నీళ్ళు వాడితే గదులు నీళ్ళు పీల్చి పగులుతాయి. రోకలిని మరీ గట్టిగా, ఎక్కువసార్లు తిప్పినా, ఐసు లేకుండా పని చేసినా లైసోజోములు చిట్లుతాయి. అప్పుడు యాసిడ్ ఫాస్ఫటేజ్ కణద్రవ్యంలో కనిపిస్తుంది, అది అక్కడి ఎంజైమేనని రికార్డు పుస్తకంలోకి ఎక్కుతుంది. దీన్ని పట్టుకునే పరీక్ష తేలిక. నమూనాని రెండు భాగాలు చేసి, ఒకదానికి 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కలిపి, రెంటిలోనూ ఎంజైమ్ చర్యని కొలవాలి. డిటర్జెంట్ కలిపినదాంట్లో బాగా ఎక్కువ వస్తే పొరలు అప్పటిదాకా నిలిచే ఉన్నాయన్నమాట. రెండూ సమానంగా వస్తే గదులు ముందే పగిలిపోయాయి, ఆ నమూనాతో ఇక ముందుకు వెళ్ళకూడదు.

చిరునామా ప్రోటీన్‌లోనే ఉంటుంది

మనిషి కణంలో మైటోకాండ్రియా సొంతంగా చేసుకునే 13 ప్రోటీన్లు తప్ప మిగతావన్నీ కణద్రవ్యంలో ప్రోటీన్లను అల్లే రైబోజోముల మీదే మొదలవుతాయి. మరి ఏది ఎక్కడికి వెళ్ళాలో ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పనక్కర్లేదు. వెళ్ళాల్సిన చోటు ఆ ప్రోటీన్ అమైనో ఆమ్లాల వరుసలోనే రాసి ఉంటుంది. ఈ ఊహని 1971లో గుంటర్ బ్లోబెల్, డేవిడ్ సబాటినీ ప్రతిపాదించారు. 1975లో బ్లోబెల్, బెర్న్‌హార్డ్ డాబర్‌స్టైన్ కణాలే లేకుండా పరీక్షనాళికలో దాన్ని నిరూపించారు. ప్రోటీన్ తయారవుతుండగా కుక్క క్లోమం నుంచి తీసిన రెటిక్యులం తిత్తులను కలిపితే, ప్రోటీన్ తిత్తిలోకి వెళ్ళింది, దాని మొదటి ముక్క తెగిపోయింది, ప్రోటీన్‌ని కోసే ఎంజైమ్‌ని బయట పోసినా దానికి ఏమీ కాలేదు. ప్రోటీన్ పూర్తిగా తయారయ్యాక తిత్తులను కలిపితే ఇవేవీ జరగలేదు. అంటే చిరునామా ఉంటే చాలదు, దాన్ని సమయానికి చదవాలి. బ్లోబెల్‌కి 1999లో వైద్య నోబెల్ ఇచ్చింది ఇందుకే.

రెటిక్యులానికి వెళ్ళే ప్రోటీన్ మొదట్లో 15 నుంచి 30 అమైనో ఆమ్లాల సంకేత వరుస ఉంటుంది. దాని నడిమి భాగం నీటిని ఇష్టపడనిది. ఆ వరుస రైబోజోమ్ నుంచి తొంగి చూడగానే ఎస్ఆర్‌పీ అనే రేణువు వచ్చి పట్టుకుంటుంది. మనలో అది ఆరు ప్రోటీన్లు, ఒక ఆర్ఎన్ఏ కలిసిన కట్ట. అది తయారీని కాసేపు నెమ్మదింపజేసి, రైబోజోమ్‌ను రెటిక్యులం పొర మీదున్న గ్రాహకం (పట్టుకునే ప్రోటీన్) దగ్గరికి తీసుకుపోతుంది. అక్కడ సెక్61 అనే రంధ్రం గుండా ప్రోటీన్ తయారవుతూనే లోపలికి దిగుతుంది, సంకేత వరుసని మరో ఎంజైమ్ కత్తిరిస్తుంది. లోపల ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి 14 చక్కెరల గుత్తి తగులుతుంది. రెటిక్యులంలోనే ఉండిపోవాల్సిన ప్రోటీన్లకు తోక చివర లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, ల్యూసిన్ అనే నాలుగక్షరాల వరుస ఉంటుంది. పొరపాటున, ప్రోటీన్లను సర్ది పంపే గాల్జీ అనే తర్వాతి గది దాకా పోయినా ఆ తోకని బట్టి అవి వెనక్కి వస్తాయి.

ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. రెటిక్యులంలోకి దిగిన ప్రోటీన్‌కి ఆ తర్వాత వేరే చిరునామా ఏదీ లేకపోతే అది కణం బయటికి పోతుంది. లైసోజోమ్ ఎంజైములు కూడా ఈ దారినే వస్తాయి కనుక వాటిని గాల్జీలో ఆపి మళ్ళించాలి. అక్కడ ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ వాటి చక్కెర గుత్తిలోని మానోజ్‌కి ఫాస్ఫేట్ తగిలించడం మొదలుపెడుతుంది, ఇంకో ఎంజైమ్ ఆ పనిని ముగిస్తుంది. అలా ఏర్పడే మానోజ్-6-ఫాస్ఫేట్‌ను గాల్జీ చివర గ్రాహకం పట్టుకుంటుంది. ఇంకాస్త ఆమ్లత ఉన్న, లైసోజోమ్‌కి ముందు మజిలీ అయిన ఎండోసోమ్‌కి చేరి పీహెచ్ 6 కంటే కిందికి పడిపోగానే గ్రాహకం ఎంజైమ్‌ని వదిలేసి, మళ్ళీ వాడకానికి గాల్జీకి తిరిగి వెళ్తుంది.

లైసోజోమ్ ఎంజైమ్ ఏదో ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్‌కి ఎలా తెలుస్తుంది? వరుసగా ఉన్న నాలుగైదు అక్షరాలను బట్టి కాదు. ప్రోటీన్ సరిగ్గా ముడుచుకున్నాక దాని ఉపరితలం మీద దూరదూరపు లైసిన్లు దగ్గరికొచ్చి ఒక మచ్చలా ఏర్పడతాయి, అది దాన్ని గుర్తుపడుతుంది. సంకేత వరుసని ముడుచుకోకముందే చదవాలి, ఈ మచ్చని ముడుచుకున్నాకే చదవగలరు. ఒకే ప్రోటీన్ మీద రెండు చిరునామాలు, రెండు వేర్వేరు వేళల్లో!

ఈ ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజే పుట్టుకతో లేకపోతే వచ్చేది ఐ-సెల్ వ్యాధి, అంటే మ్యూకోలిపిడోసిస్ రెండో రకం. లీరాయ్, డీమార్స్ దీన్ని 1967లో వర్ణించారు. ఆ పిల్లల కణాలు లైసోజోమ్ ఎంజైములను బాగానే తయారు చేస్తాయి. ఫాస్ఫేట్ గుర్తు పడదు కాబట్టి అవి గాల్జీ నుంచి నేరుగా రక్తంలోకి పోతాయి. లైసోజోములు మాత్రం జీర్ణం కాని చెత్తతో ఉబ్బిపోతాయి. బిడ్డకు చిగుళ్ళు మందమవుతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, ఎదుగుదల ఆగిపోతుంది, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిని చాలామంది చిన్నతనంలోనే చనిపోతారు. పరీక్ష విషయంలో ఒక హెచ్చరిక: తెల్ల రక్తకణాల్లో మాత్రమే ఎంజైములు కొలిస్తే దాదాపు మామూలుగా వచ్చి దారి తప్పిస్తాయి. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో కొలవాలి, అక్కడ ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తాయి.

మైటోకాండ్రియా దారి పూర్తిగా వేరు. అక్కడికి వెళ్ళే ప్రోటీన్ మొదట్లో ఉండే వరుసలో ఒక వైపు ధనావేశం ఉన్న ఆర్జినిన్, లైసిన్లు, ఇంకో వైపు నీటిని ఇష్టపడనివి ఉండేలా మెలి తిరిగి ఉంటుంది. బయటి పొరలో టామ్, లోపలి పొరలో టిమ్ అనే ద్వారాలు దాటాలి. లోపలి పొరకి అడ్డంగా ఉండే 150 మిల్లీవోల్టులకు పైబడిన విద్యుత్ పొటెన్షియల్ ఆ ధనావేశాన్ని లోపలికి గుంజుతుంది. ముఖ్యమైన షరతు, ప్రోటీన్ ముడుచుకోకుండా విప్పి ఉండాలి. పెరాక్సిసోమ్ దీనికి సరిగ్గా తిరగేసిన రకం, ముడుచుకున్న ప్రోటీన్‌ని, జంటగా కలిసినవాటిని కూడా అలాగే లోపలికి తీసుకుంటుంది. దాని చిరునామా తోక చివరి మూడు అమైనో ఆమ్లాలు, ఎక్కువగా సెరిన్, లైసిన్, ల్యూసిన్. 1980ల చివర స్టీఫెన్ గౌల్డ్, సురేశ్ సుబ్రమణి బృందం దీన్ని మిణుగురు పురుగు వెలుగు ఎంజైమ్ లూసిఫరేజ్‌లో కనిపెట్టింది.

సరైన ఎంజైమ్, తప్పు గది

మైటోకాండ్రియాకి విప్పి ఉన్నది కావాలి, పెరాక్సిసోమ్‌కి ముడుచుకున్నది చాలు. ఈ తేడా మీదే ఒక కిడ్నీ జబ్బు నడుస్తుంది. కాలేయ పెరాక్సిసోముల్లో ఏజీటీ అనే ఎంజైమ్ గ్లైఆక్సిలేట్‌ని గ్లైసిన్‌గా మారుస్తుంది. మార్చకపోతే గ్లైఆక్సిలేట్ కణద్రవ్యంలోకి కారి, లాక్టేట్ డీహైడ్రోజినేజ్ చేతిలో ఆక్సలేట్ అవుతుంది. అది కాల్షియంతో కలిసి కిడ్నీలో రాళ్ళు కడుతుంది, చివరికి కిడ్నీనే చెడగొడుతుంది. దీని పేరు ప్రైమరీ హైపర్ఆక్సలూరియా మొదటి రకం.

క్రిస్టఫర్ డాన్‌ప్యూర్ బృందం ఇలాంటి రోగుల కాలేయాలను పరీక్షించినప్పుడు వింత కనిపించింది. కొందరిలో ఎంజైమ్ ఉంది, పని కూడా చేస్తోంది. కాకపోతే మైటోకాండ్రియాలో ఉంది! కారణం రెండు మార్పులు. 11వ స్థానంలో ప్రోలిన్ బదులు ల్యూసిన్ రావడం మామూలు మనుషుల్లోనూ ఉండే తేడానే. దానివల్ల మొదట్లో బలహీనమైన మైటోకాండ్రియా చిరునామా ఏర్పడుతుంది. అయినా ఏజీటీ వెంటనే ముడుచుకుని జంట కట్టేస్తుంది కనుక 5 శాతమే దారి తప్పుతుంది, జబ్బు రాదు. దానికి తోడు 170వ స్థానంలో గ్లైసిన్ బదులు ఆర్జినిన్ వస్తే ముడుచుకోవడం ఆలస్యమవుతుంది. విప్పి ఉన్న ఆ కాస్త వ్యవధిలో మైటోకాండ్రియా దాన్ని లాగేసుకుంటుంది, 90 శాతం దాకా అక్కడికే పోతుంది. గ్లైఆక్సిలేట్ పుట్టేది పెరాక్సిసోమ్‌లో, దాన్ని ఆపాల్సినది ఇంకో గదిలో. ఈ మార్పున్న కొందరికి విటమిన్ బి6 పనిచేయడం ఇందుకే: అది ఎంజైమ్ సరిగ్గా ముడుచుకోవడానికి సాయపడి ఎక్కువ భాగాన్ని పెరాక్సిసోమ్‌కి మళ్ళిస్తుంది.

పిల్లిలో ఏజీటీ ఎక్కువగా మైటోకాండ్రియాలో ఉంటుంది, కుందేలులో మనలాగే పెరాక్సిసోమ్‌లో. మాంసాహారంలోని హైడ్రాక్సీప్రోలిన్ నుంచి గ్లైఆక్సిలేట్ మైటోకాండ్రియాలో పుడుతుంది, ఆకుకూరల్లోని గ్లైకొలేట్ నుంచి పెరాక్సిసోమ్‌లో పుడుతుంది. తిండిని బట్టి పరిణామం ఎంజైమ్ చిరునామానే మార్చింది.

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు పాఠకులు ఉద్దానం కిడ్నీ జబ్బుతో దీన్ని కలపకూడదు. ఇది అరుదైన జన్యు వ్యాధి, పిల్లల్లో పదేపదే రాళ్ళు రావడంతో బయటపడుతుంది. ఉద్దానం సమస్య వేరు, దాని కారణం ఇంకా తేలలేదు. అయితే చిన్న పిల్లలకు రెండు కిడ్నీల్లోనూ రాళ్ళుంటే మాత్రం డాక్టర్‌ని మూత్రంలో ఆక్సలేట్ పరీక్ష అడగాలి.

చిరునామా తెలిస్తే మందునీ అదే చిరునామాకి పంపవచ్చు. గాషే వ్యాధిలో చెత్తను మింగే మాక్రోఫేజ్ కణాల లైసోజోముల్లో గ్లూకోసెరిబ్రోసిడేజ్ లోపిస్తుంది. ఆ ఎంజైమ్‌ని మామూలుగా ఎక్కిస్తే కావలసిన కణాలకు చేరలేదు. చక్కెర గుత్తి చివరలు కత్తిరించి మానోజ్ బయటపడేలా చేస్తే, మాక్రోఫేజ్ పైనున్న మానోజ్ గ్రాహకం పట్టుకుని లోపలికి తీసుకుంది. అలా 1991లో మొదటి మందు వచ్చింది. ఇంకో లైసోజోమ్ ఎంజైమ్ లోపించే పాంపే వ్యాధికి 2006లో వచ్చిన మందు మానోజ్-6-ఫాస్ఫేట్ దారిలో పోతుంది, కిలో బరువుకి 20 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలకోసారి ఎక్కిస్తారు. ఈ ఎంజైములు రక్తం నుంచి మెదడులోకి దాటలేవు, అందుకే నరాల జబ్బుతో కూడిన రకాల్లో ఫలితం తక్కువ. ఖర్చు చాలా పెద్దది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాల్లో 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. తెలుగువాళ్ళకు భాషతో ఇబ్బంది లేని కేంద్రం హైదరాబాద్ నిమ్స్.

రక్తపరీక్షల్లో చిరునామా తప్పిన ఎంజైములు

లివర్ పరీక్ష కాగితం మీద ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అని రాసేవి కాలేయ కణాల లోపల ఉండాల్సిన ఎంజైములే. కణం పొర దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. కాలేయంలో ఎస్‌జీపీటీ ఎక్కువగా కణద్రవ్యంలో ఉంటుంది. ఎస్‌జీఓటీకి కణద్రవ్యంలో ఒక రూపం, మైటోకాండ్రియాలో ఇంకో రూపం ఉన్నాయి. సారాతో చెడిన కాలేయంలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీకి రెట్టింపు మించడానికి ఒక కారణం మైటోకాండ్రియా కూడా దెబ్బతినడం, ఇంకోటి బి6 కొరత వల్ల ఎస్‌జీపీటీ తగ్గడం.

రాయగడలోనో గుణుపురంలోనో తీసిన రక్తం పరీక్షకు విశాఖకో బరంపురానికో వెళ్ళేటప్పుడు ఇదే కారడం ట్యూబులోనూ జరుగుతుంది. ఎర్రకణాల్లో లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ప్లాస్మాలో కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది. సన్న సూదితో బలంగా లాగినా, ట్యూబుని గట్టిగా కుదిపినా, సీరమ్ వేరు చేయకుండా రక్తాన్ని అలాగే పంపినా అది బయటికొచ్చి, పొటాషియంతో పాటు లేని జబ్బుని చూపిస్తుంది. తీసిన రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ చేసి సీరమ్‌ని వేరే ట్యూబులోకి మార్చాలి. సీరమ్ ఎర్రగా కనిపిస్తే ఆ నమూనాని వదిలి మళ్ళీ తీయాలి. ఇక్కడ ఐసు మీద అతి నమ్మకం పనికిరాదు: వేరు చేయని రక్తాన్ని చల్లగా ఉంచితే సోడియం-పొటాషియం పంపు ఆగి పొటాషియం ఇంకా కారుతుంది, లాక్టేట్ డీహైడ్రోజినేజ్ కాలేయ రూపం చలికి చర్యని కోల్పోతుంది. ఆ ఒక్క పరీక్షకు మాత్రం వేరు చేసిన సీరమ్‌ని గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, వీలైనంత త్వరగా ల్యాబుకి చేర్చాలి.